విమానాల నెలల్లో మా అత్త నూలు

మొన్న నర్సు ఇంటికి వచ్చి నాకు బీపీ చూస్తూంటే, సరిగ్గా పట్టీ బిగుసుకుని చేతిలో నాడి టకటకా కొట్టుకుంటున్న సమయానికి ఇంటి మీదుగా విమానం వెళ్లింది. నేనుండేది మా అమ్మాయి దగ్గర, భోగాపురానికి నాలుగు ఊళ్ల ఇవతల. అక్కడ కొత్త విమానాశ్రయం కట్టినప్పటి నుంచి ఈ చప్పుడు వీళ్లకు కొత్త సంగతి. ముందుగా ఏ సూచనా ఉండదు, ఒక్కసారిగా మేడ మీద రాళ్లబండి దొర్లించినట్టు వస్తుంది, వచ్చినంత వేగంగానూ పోతుంది. నేను కదలలేదు, భయపడలేదు, కళ్లు కూడా ఎత్తలేదు. నర్సు పట్టీ గాలి తీసి, అంకె చూసి, నా ముఖంలోకి అనుమానంగా చూసి, మాత్రలు మానేశారా మామ్మా అని అడిగింది. లేదన్నాను. మా అమ్మాయి లోపలికి వెళ్లి మాత్రల అట్ట తెచ్చి, దాని వెనక చిరుగులన్నీ లెక్క చూసి, అన్నీ సరిపోయినా నమ్మకం కుదరక, మింగుతున్నావో కిటికీలోంచి పారేస్తున్నావో అన్నట్టు నావైపు చూసింది. విమానం పోయింది కదా, కాసేపాగి మళ్లీ చూడమ్మా అంటే నర్సు నవ్వేసి, మీరు ఉలిక్కిపడనే లేదు, నేను చూస్తూనే ఉన్నాను, విమానం మీద నెట్టకండి అంది. ఇంకా పది ఇళ్లు తిరగాలట, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

విమానం మీద నెట్టకండి. సరిగ్గా ఇదే మాట నా ఇరవయ్యో ఏట మా వసారాలో నిలబడి ఒకాయన మా అత్తతో అన్నాడు. ఇన్నేళ్ల తరువాత అదే మాట, అదే చూపు. నర్సు వెళ్లాక ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు.

నా ఈడువాళ్లు, అందులోనూ పొందూరు చుట్టుపక్కల పుట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు నేను రాట్నం గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివారికి నాలుగు ముక్కలు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, మెత్తటి వేలెడు వత్తుల్లా చుట్టి, అవి చెదరకుండా ఎండిన అరటి బోద పొరలో పెట్టుకుంటాం. వాటిని ఏకులంటారు. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో ఏకుని పట్టి లాగితే పోగు సాగి కదురుకు చుట్టుకుంటుంది. ఎంత సన్నం కావాలంటే అంత నెమ్మది కావాలి, ఊపిరి కూడా చూసుకుని వదలాలి. లావు నూలు ఎవరైనా వడుకుతారు. మా అత్త వడికే సన్నపు నూలు మాత్రం మా పేటలో ముగ్గురు నలుగురికి మించి ఎవరికీ పట్టుబడలేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప ఆ పోగు కంటికి ఆనేది కాదు.

ఆవిడ నాకు సొంత మేనత్త. మా నాన్నకు అక్క. ఆవిడ చిన్నకొడుక్కే నన్నిచ్చి చేశారు. పెద్దకోడలు, అంటే నా తోటికోడలు, నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఆవిణ్ని అప్పా అని పిలిచేదాన్ని. ఇంట్లో మగవాళ్లు పొలానికి పోగానే మేం ముగ్గురం వసారాలో రాట్నాలు వేసుకుని కూర్చునేవాళ్లం. అత్త గోడవైపు, అప్ప గుమ్మం దగ్గర రెండు నెలల పసిగుడ్డుని చీర ఉయ్యాలలో వేసుకుని, నేను మధ్యన. అత్త దగ్గర పని నేర్చుకోవడమంటే మాటలు పడటమే, కానీ ఆవిడ తిట్టినా నాకు ముద్దుగానే ఉండేది. మా నాన్నని తిట్టిన నోరే కదా అనుకునేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో విమానాలు మొదలయ్యాయి. ప్రయాణికుల విమానాలు కావు, వడ్లగింజల్లా సన్నగా, కోసుగా ఉండేవి. ఎక్కడినుంచి వచ్చేవో, ఎందుకు తిరిగేవో మాకెవరూ చెప్పలేదు. యుద్ధం వస్తుందని కొందరు, సముద్రంలో ఏదో పడిపోతే వెతుకుతున్నారని కొందరు, మన పొలాలు కొలుస్తున్నారని మా మామగారు. పొద్దెక్కి, వంటలు సగంలో ఉండగా మొదలయ్యేవి. తాడిచెట్ల ఎత్తున వచ్చినట్టుండేది. మొదటి రోజు మా గేదె తాడు తెంపుకుని పోయింది, ఎదురింటి ముసలాయన చేతిలో గంజి గిన్నె ఒలకబోసుకున్నాడు, నేనైతే రాట్నం వదిలేసి లోపలి గదిలోకి పరిగెత్తాను. అరచేతులు తడిసి ముద్దయ్యాయి. తడి వేళ్లకు పత్తి అంటుకుపోతుంది కాబట్టి ఆ పూట ఇక పని సాగలేదు. వారం తిరిగేసరికి ఎవరూ పరిగెత్తడం మానేశాం. పది రోజులకు తలెత్తడం మానేశాం. పక్షానికి మా వీధిలో ఎవరినడిగినా, అలవాటైపోయినాదమ్మా అనేవారు. మేమూ అలాగే అనుకున్నాం.

నెలకోసారి నూలు పట్టడానికి ఒకాయన వచ్చేవాడు. మేం నూలు మేస్త్రీ అనేవాళ్లం. పత్తి ఇచ్చి, వడికిన నూలు చుట్టలు, అంటే చిలపలు, తూచి, సన్నం పరీక్షించి తీసుకుపోయేది ఆయనే. ఆ నెల ఆయన అత్త చిలపని నూలు కొలిచే చట్రానికి ఎక్కించి తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. ఒకచోట పోగు తెగి అతికిన గుర్తు, కాస్త దూరంలో ఇంకొకటి, ఆ పైన మరొకటి. అత్త నూలులో అతుకులు అంతకుముందు ఎవరూ చూడలేదు. మేస్త్రీ గట్టిగా ఏమీ అనలేదు. చిలపని వేలితో మీటి, ఇది మీ చెయ్యి కాదు అన్నాడు. ఎవరి చేతనో వడికించి మీ పేరున ఇస్తున్నారని నేత ఇళ్లలో అనుకుంటున్నారు, పై నెల కూడా ఇలాగే ఉంటే మీకిక సన్నపు పత్తి ఇవ్వను, లావు నూలుకి మార్చుకోండి అని చెప్పి, నావైపు ఒక చూపు చూసి వెళ్లాడు.

ఆ ఒక్క చూపు చాలింది. అత్త తల్లి, ఆ తల్లి తల్లి, అందరూ సన్నపు నూలు వడికినవాళ్లే. లావు నూలుకి మార్చడమంటే మా పేటలో వీధి మధ్య నిలబెట్టి ముక్కు కోసినట్టే. ఆ సాయంత్రం అత్త అన్నం తినలేదు. మర్నాటి నుంచి తన ఏకుల పొత్తిని అరటి పొరలో చుట్టి, దానికి తనకు మాత్రమే తెలిసే ముడి ఒకటి వేసి, లేచిన ప్రతిసారీ చంకన పెట్టుకుని వెళ్లేది. నీళ్లకు వెళ్లినా అంతే, పెరట్లోకి వెళ్లినా అంతే. నాకు మొదట అర్థం కాలేదు. నాలుగో రోజున నన్ను నిలబెట్టి అడిగింది.

“నా ఏకులు తీసి నీ ఏకులు పెట్టినావేటి? నిజం సెప్పు. కొట్టను.”

“నేదత్తా,” అన్నాను.

“నీ సెయ్యి కాకపోతే ఇంకెవులి సెయ్యి?”

కొట్టినా బాగుండేది. పుట్టినప్పటి నుంచి నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, నేను మంచి పత్తి దొంగిలించి చెడ్డ పత్తి పెట్టానని నమ్ముతోంది. పుట్టింటికి పోదామని బట్టలు మూట కట్టుకున్నాను కూడా. అయితే పోతే దొంగే పోయిందంటారు. ఆ ఆలోచనే నన్ను ఆపింది. మూట విప్పేశాను.

నేను కాదని నాకు తెలుసు కనుక, మరి ఎవరు అన్న ప్రశ్న పట్టుకుంది. వసారాలో ఉండేది ముగ్గురమే. అత్త తన నూలు తాను పాడుచేసుకోదు. ఇక మిగిలింది అప్ప. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఒకసారి అనుమానం పెట్టుకున్నాక ఎన్ని సాక్ష్యాలు దొరుకుతాయో ఆ పదిహేను రోజుల్లో నాకు తెలిసింది. అప్ప పిల్లకు పాలివ్వడానికి లేచినప్పుడు అత్త పక్కనుంచే ఎందుకు వెళ్లాలి? అత్త నన్ను తిట్టినప్పుడు అప్ప తల ఎందుకు దించుకుంది, నవ్వు దాచుకోవడానికి కాదా? మేనరికం పిల్లనని అత్త నన్ను దగ్గరకు తీస్తే ఆవిడకు కంటగింపు కాదా? ఇన్నాళ్లూ నాకు తల దువ్విన మనిషి ఒక్కసారిగా పరాయిదైపోయింది. ఆవిడ పెట్టిన కూర కూడా వాసన చూసి తినేదాన్ని. తరువాత తెలిసింది, మా ఇంట్లోనే కాదు, ఆ రెండు నెలల్లో మా వీధిలో ఉత్తపుణ్యాన తగువులు వచ్చిన ఇళ్లు ఇంకా ఉన్నాయని.

అప్పని పట్టుకోవాలని నేను ఒక పని చేశాను. రాట్నం తిప్పుతున్నట్టే తిప్పుతూ, నా పోగు సంగతి వదిలేసి, కళ్లు ఆవిడ చేతుల మీదే పెట్టాను. ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు పొద్దెక్కాక విమానం వచ్చింది. అప్ప తలెత్తలేదు, రెప్ప కూడా వేసినట్టు లేదు. కానీ ఆవిడ ఎడమచేయి మాత్రం, ఎవరో మోచేతి కింద పొడిచినట్టు, పైకి ఒక్క జానెడు ఎగిరింది. పోగు టప్పున తెగింది. మరుక్షణం వేళ్లు వాటంతటవే తెగిన కొస వెతికి, ఏకుకి అతికి, మళ్లీ లాగడం మొదలుపెట్టాయి. అంతా మూడు రెప్పపాట్లు. ఉయ్యాలలో పసిది గాఢంగా నిద్రపోతోంది. అది కూడా లేవలేదు. నిద్రలోనే రెండు చేతులూ బారచాపి, వేళ్లు విచ్చుకుని, మెల్లగా మళ్లీ గుండెల మీదికి ముడుచుకుంది.

“అప్పా, ఇప్పుడు నీ పోగు తెగినాది కదా?” అన్నాను.

“తెగనేదే. ఎందుకు తెగుతాది?” అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోయి.

ముందు అబద్ధం అనుకున్నాను. మళ్లీ ఆవిడ ముఖం చూశాను. అబద్ధమాడే మనిషి ముఖం కాదు అది. తెగిన సంగతి ఆవిడ వేళ్లకు తెలుసు, ఆవిడకు తెలియదు. వెంటనే నా కదురు వంక చూసుకున్నాను. నా పోగూ తెగి ఒళ్లో పడి ఉంది, ఎప్పుడు తెగిందో నాకూ తెలియదు. అప్పుడు గోడవైపు తిరిగాను. అత్త తన ధోరణిలో తాను వడుకుతోంది, కణతల దగ్గర చెమట సన్నగా మెరుస్తోంది, చలికాలం ఉదయం అది. దవడ బిగుసుకుని ఉంది. అది ఆవిడే గమనించలేదు.

ఆ మర్నాడు నేను వడకనే లేదు. కడుపునొప్పి అని చెప్పి స్తంభానికి ఆనుకుని కూర్చుని, విమానం వచ్చినప్పుడల్లా అత్త చేతినే చూశాను. ఐదుసార్లు వచ్చింది. నాలుగుసార్లు తెగింది. ఐదోసారి పోగు నిలబడింది కానీ అక్కడ లావై ముద్దకట్టింది. నేను చెబితే నమ్మదని తెలుసు, అందుకని తెగిన ప్రతిసారీ ఒక చింతగింజ పక్కన పెట్టాను. సాయంత్రం ఆవిడ చిలప చుడుతుంటే దగ్గర కూర్చుని, అత్తా, నాలుగు అతుకులూ ఒక లావూ ఉంటాయి చూడు అన్నాను. ఆవిడ కస్సుమంది. అయినా వేళ్ల మధ్యనుంచి పోగుని పోనిస్తూ చూసింది. నాలుగు అతుకులు దొరికాయి. లావు కూడా దొరికింది. పోగుని మొదటి నుంచి ఇంకోసారి వేళ్ల మధ్య పోనిచ్చింది. దొంగ దొరికాడన్న సంతోషం ఏమీ లేదు ఆ ముఖంలో, భయం ఉంది. పరాయి చెయ్యి అయితే విరగ్గొట్టొచ్చు, తన చెయ్యి తనకు చెప్పకుండా ఎగురుతుంటే ఏం చేస్తుంది?

“నాకు బయం నేదే,” అంది చివరికి. “మరి సెయ్యెందుకు బయపడతన్నాది?”

పదో తరగతి తప్పిన పిల్లని, చింతగింజలు ఏరి డబ్బాలో వేశాను.

నెల తిరిగి మేస్త్రీ వచ్చాడు. అత్త జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన అంతా విని, నవ్వకుండా, ఒకింత జాలిగా, విమానం మీద నెట్టకండి అన్నాడు. మీరే అలవాటైపోయిందంటున్నారు, అలవాటైతే చెయ్యి ఎందుకు వణుకుతుంది, వయసైందని ఒప్పుకోవచ్చు కదా అన్నాడు. అత్త ముఖం నల్లబడింది. నాకెక్కడి ధైర్యమో వచ్చింది. పొద్దెక్కేదాకా ఇక్కడే కూర్చుని మీ కళ్లతో చూడండి మేస్త్రీ గారూ అన్నాను. కోడలు మాట్లాడితే కాదనలేక కూర్చున్నాడో, చలి తగ్గాక పోదామని కూర్చున్నాడో, చిలపలు చట్రానికి ఎక్కించి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన లెక్క మా పేటలో ప్రసిద్ధి. మాట్లాడుతూ, చుట్ట కాలుస్తూ, ఒక్క చుట్టు తప్పకుండా లెక్కపెట్టేవాడు.

విమానం వచ్చింది. ఆ రోజు రెండు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. ఆయన తలెత్తలేదు. చట్రం తిరుగుతూనే ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి. కానీ మెడ మీద నరం తాడులా లేచింది. నేను అదే చూస్తున్నాను. చప్పుడు పోగానే నెమ్మదిగా అడిగాను.

“ఎన్నో సుట్టు, మేస్త్రీ గారూ?”

ఆయన పెదవులు ఆగిపోయాయి. చట్రం వంక చూశాడు, నావంక చూశాడు. ఆ అంకె ఆయన దగ్గర లేదు.

“నివ్వు మాటాడించి మరిపించినావు,” అన్నాడు.

అత్త తల దించుకుని వడుకుతూనే ఉంది. ఆయన చట్రం వెనక్కి తిప్పి, మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాడు. విమానం సంగతి అప్పుడు గానీ ఆ తరువాత గానీ ఒప్పుకోలేదు. అయితే సన్నపు పత్తి మూట మాత్రం విప్పి అత్త ముందు పెట్టి, ఈ నెలకి చూస్తాను అన్నాడు. ఆ మాట అన్నప్పుడు కూడా ఆయన కళ్లలో అనుమానం పోలేదు. కాకపోతే అది మా మీదో తన మీదో నాకు తెలియలేదు. ఆ పైనుంచి ఆయన మా పేటకి ఆదివారాల్లోనే వచ్చేవాడు. ఆదివారం విమానాలు తిరిగేవి కావు.

మేం పని వేళలు మార్చుకున్నాం. తెల్లారకముందే లేచి, వెలుతురు రాగానే వసారాలో కూర్చుని, విమానాలు మొదలయ్యే వేళకి రాట్నాలు ఎత్తిపెట్టి వంటా వార్పూ చూసుకునేవాళ్లం. మళ్లీ ఎండ వాలాక కూర్చునేవాళ్లం. అత్త చిలపల్లో అతుకులు పోయాయి. నా మందలింపు పనిచేసింది చూశారా అని మేస్త్రీ ఊరంతా చెప్పుకున్నాడట. చెప్పుకోనీ అంది అత్త. మరి కొన్ని వారాలకు విమానాలు ఎలా వచ్చాయో అలాగే పోయాయి, ఎందుకు వచ్చాయో ఎవరూ చెప్పలేదు. కానీ అవి పోయాక కూడా చాన్నాళ్లు, పొద్దెక్కి ఆ వేళయ్యేసరికి మా ముగ్గురి చేతులూ కాస్త నెమ్మదించేవి. చప్పుడు రాదని తెలిసినా ఒళ్లు దాని కోసం కాచుకుని ఉండేది. నిజం చెప్పాలంటే ఆ ఎదురుచూపు చప్పుడు కన్నా కష్టంగా ఉండేది.

అత్త నన్ను క్షమించమని అడగలేదు. అత్తలు అడగరు, నేనూ ఎదురుచూడలేదు. ఏకుల పొత్తికి ముడి వేయడం మానేసింది, చంకన పెట్టుకోవడం మానేసింది. నీళ్లకు వెళితే నా ముందే వదిలి వెళ్లేది. కానీ నేను లేచి ఆవిడ పక్కనుంచి నడిచినప్పుడు ఆవిడ చూపు ఒక్క క్షణం నా చేతుల మీద వాలేది. తెలిసి చూసేది కాదు. ఆవిడకు ఆ సంగతి తెలియనే తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. పోయేదాకా ఆ చూపు అలాగే ఉండిపోయింది.

అప్పకు మాత్రం ఒకసారి చెప్పుకున్నాను. అప్పటికి అత్త పోయి చాలా ఏళ్లయింది, ఉయ్యాలలో చేతులు బారచాపిన పిల్లకి పెళ్లయి పిల్లలు పుట్టారు. ఇద్దరం శ్రీకూర్మం వెళ్లి, దర్శనం చేసుకుని, ఇసకలో కూర్చుని పులిహోర తింటున్నాం. అప్పా, ఆ రోజుల్లో నిన్ను నేను దొంగ అనుకున్నానే, నీ కూర వాసన చూసి తిన్నానే అని చెప్పేశాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“నాను నిన్నే అనుకున్నాను. పిల్ల ఉగ్గుగిన్నె నీకు అందకుండా దాసేదాన్ని, తెలుసా?”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది. పోయినేడు అప్ప కూడా పోయింది.

ఇప్పుడు మా పేటలో ఆ వసారా లేదు, అక్కడ షట్టరు గదులు వచ్చాయి. ఇక్కడ, మా అమ్మాయి ఇంట్లో, విమానం వెళితే ఎవరూ తలెత్తరు. అలవాటైపోయిందమ్మా అంటుంది మా అమ్మాయి. మనవరాలు లెక్కలు చేస్తూ ఒక్క క్షణం ఆగి, రాసింది కొట్టేసి మళ్లీ రాస్తుంది. అల్లుడు ఫోనులో ఏదో అంటూ అన్నమాటే ఇంకోసారి అంటాడు. కాసేపటికి ఇంట్లో ఎవరో ఒకరు కారణం లేకుండా ఎవరో ఒకరిని కసురుకుంటారు, వాళ్లు మూతి ముడుచుకుని లోపలికి పోతారు, ఎందుకు కసిరారో వాళ్లకూ తెలియదు. నేను కుర్చీలో కూర్చుని అందరి చేతులూ చూస్తూంటాను. మా రోజుల్లో సాయంత్రం కూర్చుని, పోగుని వేళ్ల మధ్యనుంచి పోనిచ్చి, ఇదిగో ఇక్కడ అని చూపించడానికి ఉండేది. వీళ్లకేం చూపించను? ఎక్కడ తెగిందని చెప్పను?